వలస వచ్చిన పటాలు

కొత్త ప్రోగ్రాం రాసినవాళ్లకు పేరొస్తుంది. ఉన్నదాన్ని మరోచోట నడిచేలా చేసినవాళ్లను ఎవరూ పట్టించుకోరు. స్పేషియలైట్‌ని బ్రౌజర్‌లోకి తెచ్చిన పని చూస్తే నాకు ముందు వాళ్లకే దండం పెట్టాలనిపిస్తుంది.

ఇటలీకి చెందిన అలెస్సాండ్రో ఫురియేరి రాసిన ఈ లైబ్రరీ, ఎస్‌క్యూలైట్ డేటాబేసుకి భూగోళం నేర్పుతుంది: చెరువు ఏ ఊరి హద్దులో ఉంది, రోడ్డు కాలువని ఎక్కడ దాటింది. అయితే అది ఒంటరిగా రాదు. ఆకారాల లెక్కలకు జియోస్, అక్షాంశ రేఖాంశాల మార్పిడికి ప్రోజ్ అనే లైబ్రరీలు కూడా వెంట రావాలి. కాపురం మారేటప్పుడు అత్తగారూ, ఆవిడ తులసికోటా కదిలినట్టు! అన్నట్టు, జియోస్ కూడా జావా నుంచి సి ప్లస్ ప్లస్‌కు ఒకప్పుడు వలస వచ్చిందే.

ఎమ్‌స్క్రిప్టెన్ అనే కంపైలరు ఈ కోడంతటినీ బ్రౌజర్ నడపగల వెబ్ అసెంబ్లీగా మారుస్తుంది. అసలు తంటా ఆ తర్వాతే. ప్రోజ్ తన సమాచార ఫైలు కోసం డిస్కు వెతుకుతుంది. బ్రౌజర్‌లో అది చేతికందదు. మెమరీలోనే ఉత్తుత్తి ఫైల్ సిస్టమ్ కట్టివ్వాలి. సి కోడు ఒక ఫంక్షన్‌ని తప్పుడు రకం పాయింటరుతో పిలిస్తే మామూలు కంప్యూటరు చాలాసార్లు చూసీచూడనట్టు పోనిస్తుంది. వెబ్ అసెంబ్లీ అక్కడికక్కడే ఆపేస్తుంది. ఏళ్లుగా దాక్కున్న లోపాన్ని పట్టుకుని, మూల కోడును వీలైనంత తక్కువ కదిలించి సరిచేయడంలోనే పనితనమంతా ఉంది. పైగా 32 బిట్ల చిరునామాలైతే 4 జీబీ దాటి మెమరీ అడగడానికీ లేదు.

ఇంత చేస్తే, సర్వరుకు ఏమీ పంపకుండా ట్యాబ్‌లోనే హద్దుల లెక్క తేలుతుంది. డౌన్‌లోడు కాస్త బరువే, ఆ మాత్రం ఓర్చుకోవచ్చు.