ఇంగ్లీషు పేరాలో తెగిన దారం

"ఎండలో పనిచేసి, నీళ్లు తాగక, కళ్లు తిరిగి పడిపోయాడండీ." ఇండస్ట్రియల్ ఏరియాలో కార్మికుణ్ణి తీసుకొచ్చిన తోటివాడు చెప్పే మాటలో కారణమంతా ఉంది. మన డాక్టర్ల ఇంగ్లీషు ఉత్తరంలో అదే మూడు ముక్కలవుతుంది: ఆరుబయట పని. నీళ్లు తక్కువ. స్పృహ తప్పాడు. వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. 'చేసి', 'తాగక' అనే అసమాపక క్రియలు మోసిన బంధమే జారిపోయింది. చదివే కంపెనీ గుమాస్తాకు అవి మూడు విడి వార్తలు. మనిషి మర్నాడు మళ్లీ ఎండలోకే.

కతార్‌లో 2021 నుంచి జూన్ 1 - సెప్టెంబరు 15 మధ్య పగలు 10 నుంచి 3.30 దాకా ఆరుబయట పని నిషిద్ధం. తొమ్మిదింటికే పడిపోయినవాడికి మాత్రం ఆ ఉత్తరమే దిక్కు.

ప్రతి వాక్యానికీ వెనకటి వాక్యంతో సంబంధం విస్పష్టంగా కనిపించాలని అబర్డీన్ ఆచార్యుడు అలెగ్జాండర్ బెయిన్ 1866లోనే సూత్రీకరించాడు. మనవాళ్లేమో 'హవెవర్', 'మోరోవర్'లను కరివేపాకులా చల్లి ఊరుకుంటారు. (తినేటప్పుడు ఏరిపారేసేదీ అదే!) వెనకటి మాటనే పట్టుకుంటే చాలదా? "ఎండలో నాలుగు గంటలు పనిచేశాడు. ఆ వేడికి తగినన్ని నీళ్లు అందలేదు. అందువల్లనే స్పృహ తప్పాడు. కనుక వారంపాటు నీడలోనే పని ఇవ్వండి." దీన్ని గుమాస్తా ఎక్కడని తెంపుతాడు?