కూయని కుక్కర్, కూసే కంప్యూటర్

హైదరాబాదు చిక్కడపల్లిలో కుక్కర్లు బాగుచేసే పెద్దాయన సరంజామా అంతా కలిపి ఒక సంచెడు కూడా ఉండదు. చెక్క సుత్తి, పిన్నీసు, ఎమరీ పేపరు, ఒక షాబాదు బండ. మా కుక్కర్‌కి విజిల్ రావట్లేదని పట్టుకెళ్లాను. కొత్త గ్యాస్కెట్ వేసినా పక్కల నుంచి ఆవిరి బుసబుసా పోతూనే ఉంది.

ఆయన ముందు మూతను వెలుతురుకెత్తి, వెయిటు కూర్చునే గొట్టంలోంచి చూశారు. వెలుగు గుండ్రంగా కనబడితే దారి తెరిచి ఉన్నట్టు. నాకు చూపిస్తే నెలవంకలా ఉంది. కందిపప్పు నురుగు ఎండి అతుక్కుంది. పిన్నీసుతో గీకేశారు. ఈ సన్నని దారిలోనే కుక్కర్ కిటుకంతా ఉంది. లోపలి ఆవిరి చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో చొప్పున అదనంగా ఒత్తేదాకా వెయిటు లేవదు. రంధ్రం చిన్నది కాబట్టి గుప్పెట్లో ఇమిడే బరువే అంత ఆవిరినీ ఆపుతుంది. హైదరాబాదు ఎత్తులో మామూలు గిన్నెలో నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కుక్కర్లో 120 దాకా వెళ్తాయి. ఆ తేడాకే కందిపప్పు లొంగుతుంది. 1679లో ఫ్రెంచి శాస్త్రవేత్త డెనీ పాపిన్ ఎముకలనే మెత్తబరిచాడు, ఇలాంటి బిగుతు మూత పాత్రలో.

అసలు రోగం మాత్రం వేరే చోట ఉంది. గిన్నెను బండ మీద బోర్లించి, అంచు కింద చుట్టూ కాగితం ముక్క దూర్చి చూశారు. ఒక్కచోట దూరింది. "గ్యాస్కెట్ మంచిగనే ఉన్నదమ్మా. గరిటె కొట్టిన్రు అంచు మీద" అన్నారు. కాదనలేకపోయాను. గరిటె అంచుకేసి దులపడం మా ఇంటిల్లిపాదికీ అలవాటు.

సొట్టను కింది నుంచి సుత్తితో తట్టారు. ఒక దెబ్బ, గోటితో తడమడం, మళ్లీ ఒక దెబ్బ. తర్వాత బండ మీద ఎమరీ పేపరు పరిచి, బోర్లించిన గిన్నెను సున్నాలు చుట్టినట్టు రుద్దారు. మిట్టగా ఉన్న చోట్లు ముందు మెరుస్తాయి, పల్లం మసకగానే ఉంటుంది. మెరుపు తెగకుండా చుట్టూ కలిసేసరికి చెయ్యి ఆపేశారు. ఇంకొక్క చుట్టు కూడా రుద్దలేదు. గ్యాస్కెట్‌ని చన్నీళ్లలో వేస్తే బిగుస్తుందని నేను ఇన్నాళ్లూ చేసిన వైద్యం ఒక పూటకే పనికొచ్చేదని అప్పుడు తెలిసింది.

కుక్కర్ కూయకపోతే జబ్బు. మా పాత కంప్యూటర్ కూస్తేనే జబ్బు. స్క్రీన్ నల్లగా ఉండి, బీప్ మీద బీప్. అశోక్‌నగర్‌లో, పోటీ పరీక్షల పిల్లల గదుల మధ్య బల్ల వేసుకున్న కుర్రాడు వినగానే "ర్యామ్ ఆంటీ" అన్నాడు. కరెంటు తీగ పీకి, క్యాబినెట్ ఇనుమును ఒకసారి తాకి, రెండు క్లిప్పులూ విప్పి ర్యామ్‌ను అంచులతో పట్టుకుని బయటికి తీశాడు. దాని కాళ్ల వరుసలో రెండు వైపులా కలిపి 240 బంగారు పూత గీతలు. బంగారం తుప్పు పట్టకపోయినా వేలి జిడ్డు పడుతుంది. పెన్సిల్ రబ్బరుతో ఒకే దిశలో మెల్లగా తుడిచాడు. సిరా చెరిపే గరుకు రబ్బరైతే పూతే లేచిపోతుందట. పొట్టును నోటితో ఊదకుండా బ్రష్‌తో దులిపాడు. ఊదితే తుంపర్లు పడతాయని.

గీతల మధ్య ఉన్న గాడిని స్లాటు గట్టుకు సరిచూసి, రెండు బొటనవేళ్లతో ఒత్తాడు. రెండు క్లిప్పులూ ఒకేసారి టక్‌మన్నాయి. స్విచ్ వేస్తే ఈసారి ఒకే ఒక్క బీప్, అంతా బాగుందని.