తండ్రి అని చెప్పుకోని తండ్రి

విడిపోయిన తండ్రీకొడుకులు మళ్లీ కలిసే సీన్ రాయమంటే చాలామంది చెయ్యి ముందు తండ్రి డైలాగ్ మీదికే పోతుంది. ఆయన తప్పు ఒప్పుకోవాలి, గొంతు పూడుకుపోవాలి, కొడుకు కరిగిపోవాలి. షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లు నాకు చూపించే స్క్రిప్టుల్లో తరచూ ఇదే వరస. వాళ్లందరికీ సత్యజిత్ రే 1959లో తీసిన 'అపూర్ సంసార్' చూడమని చెబుతాను.

అందులో కథానాయకుడు అపు. కాన్పులో అతని భార్య అపర్ణ పోతుంది. ఆమెను పొట్టనపెట్టుకుని పుట్టాడని అపు కొడుకు మొహమైనా చూడడు. ఊళ్లు పట్టుకుని తిరుగుతాడు, బొగ్గు గనిలో పనిచేస్తాడు. కొడుకు కాజల్ తాతగారింట్లో ఎవరి మాటా వినని పిల్లాడుగా పెరుగుతాడు. మనకు మొదటిసారి కనిపించేటప్పటికే వాడి మొహానికి మాస్కు. వాడి ఉండేలు దెబ్బకి ఓ పిట్ట చచ్చిపడుతుంది.

అయిదేళ్లకి తండ్రి వస్తే వాడు రాయి విసురుతాడు. అపు బొమ్మ రైలు తెస్తాడు. ఈ కథ మొదటి భాగం 'పథేర్ పాంచాలి'లో అక్క దుర్గతో రెల్లుపూల మధ్య పరుగెత్తి రైలు చూసిన పిల్లాడే ఈ అపు. తన చిన్నప్పటి ప్రాణాన్నే కొడుకు చేతిలో పెట్టబోయాడు. వాడు విసిరికొట్టాడు. ఆ రైలు వెనకున్న కథ వాడికేం తెలుసు? అంత అందమైన కానుకని కూడా పనిచెయ్యనివ్వని రే ధైర్యం నాకు ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే.

తేలిగ్గా దాటేసే సీన్ ఇంకొకటి ఉంది. పిల్లాడి మొండితనానికి విసిగిన తాత కర్ర ఎత్తుతాడు, అపు అడ్డుపడతాడు. నా లెక్కలో అపు తండ్రి అయింది అక్కడే.

ఇక లాభం లేదని అపు బయల్దేరతాడు. కాజల్ వెనకాలే వస్తాడు, దగ్గరికి మాత్రం రాడు. నువ్వెవరని అడిగితే స్నేహితుణ్ని అంటాడు అపు. నాన్న దగ్గరికి తీసుకెళ్తావా, ఆయన నన్ను వదిలేసిపోడు కదా అని వాడి బెంగ. రావాలో వద్దో తేల్చుకోవాల్సింది వాడే. కెమెరా కూడా తొందరపెట్టదు. మధ్యనున్న ఆ నేలంతా వాడే పరుగెత్తి వస్తాడు. రేకి మూడేళ్లైనా నిండకముందే, 1923లో, తండ్రి సుకుమార్ రే పోయారు. దానికీ దీనికీ ముడిపెట్టను గానీ, ఈ సీన్‌ని పిల్లాడి పక్కన నిలబడి తీశారని మాత్రం తెలుస్తూనే ఉంటుంది.

మాటలు అక్కర్లేదని కాదు. 'బొమ్మరిల్లు' (2006) చివర్లో కొడుకు సిద్ధార్థ్ తండ్రి ప్రకాశ్‌రాజ్ ముందు నోరు విప్పకపోతే ఆ సినిమాయే లేదు. అక్కడ తండ్రి ఎప్పుడూ ఎదురుగానే ఉన్నాడు, మాట్లాడనివ్వలేదంతే. అసలు ఇంట్లోనే లేని తండ్రి సంగతి వేరు. ఆయన ఎంత గొప్పగా ఏడ్చినా ఆ పిల్లాడికి పరాయివాడి ఏడుపే.

అందుకే స్క్రిప్టు చేతికొస్తే తండ్రి డైలాగులు పక్కనపెట్టి, కొడుకు ఎంత దూరంలో నిలబడ్డాడని అడుగుతాను. మొన్న ఒక కుర్రాడు బస్టాండు సీన్‌లో కొడుకుని తండ్రి పక్కనుంచి లేపి ఎదుటి బెంచీ మీద కూర్చోబెట్టాడు. డైలాగులు సగం వాటంతటవే రాలిపోయాయి. తండ్రి తెచ్చిన టీ కొడుకు ఎప్పుడు అందుకోవాలన్నదే ఇంకా కుదర్లేదు. ఈ వారం దాని మీదే కూర్చుంటున్నాం.