గడ్డం మీద రూపాయి బిళ్లంత చోటు

పన్ను పీకించుకున్నవాళ్లకు ఆ మొద్దుబారడం గుర్తుండే ఉంటుంది. కింది దవడకు మత్తు సూది వేశాక పెదవి తనది కానట్టుంటుంది, నీళ్లు గడ్డం మీదుగా కారినా తెలియదు. కొన్ని గంటల్లో స్పర్శ తిరిగొస్తుంది. సూదే వేయకుండా, ఒక పొద్దున గడ్డం గీసుకుంటుంటే సరిగ్గా అక్కడే మొద్దుబారితే?

హెచ్‌ఐవీ ఉన్న మనిషి ఆ మాట అంటే, డాక్టరు మందుల చీటీ రాయడం ఆపాలి.

కింది దవడ ఎముకలో సన్నటి కాలువ గుండా ఒక నరం నడిచి, గడ్డం దగ్గర చిన్న రంధ్రంలోంచి పైకొస్తుంది. కింది పెదవికీ గడ్డానికీ స్పర్శ దానివల్లే. కదలికతో దానికి పని లేదు. అందుకే మూతి వంకర పోదు, అద్దంలో ఏ తేడా కనిపించదు. పంటి చీము లాంటి మామూలు కారణాలూ ఉంటాయి, నిజమే. కానీ లింఫోమా అనే తెల్లరక్తకణాల క్యాన్సర్ కణాలు ఆ ఎముకలోకో, పుర్రె అడుగున మెదడు పొరల్లోకో చేరినప్పుడు కొందరిలో తొలి కబురు ఈ మొద్దుబారడమే. రొమ్ము క్యాన్సర్ ఉన్న ఒక స్త్రీలో ఇలాంటి పెదవిని సర్జన్ చార్లెస్ బెల్ 1830లోనే వర్ణించాడు.

1958లో సర్జన్ డెనిస్ బర్కిట్ ఉగాండాలోని కంపాలా పిల్లల దవడల్లో చూసి రాసిన లింఫోమా, హెచ్‌ఐవీ వచ్చాక పెద్దవాళ్లలోనూ కనిపించింది. మెదడులోనే పుట్టే లింఫోమా సాధారణంగా రక్తంలో సీడీ4 అనే రోగనిరోధక కణాలు 50 లోపు పడిపోయినవారికి వస్తుంది. బర్కిట్ రకం అంతవరకూ ఆగదు, 200 దాటి ఉన్నవారికీ వస్తుంది. సీడీ4 బాగుందన్న ధీమా ఇక్కడ చాలదు.

పరీక్షకు కావలసింది దూదిపోగు, గుండుసూది. రోగి కళ్లు మూసుకుంటాడు. డాక్టరు రెండు వైపులా మార్చి మార్చి తాకుతూ, స్పర్శ ఆగిన చోటల్లా పెన్నుతో చుక్క పెడతారు. ఆ చుక్కలు కలిస్తే దెబ్బతిన్న నరం పటం చర్మం మీదే తేలుతుంది. ఎంత అందమైన విద్య! తర్వాత ఎంఆర్‌ఐ, వెన్నునీటి పరీక్ష. మొదటిసారి కణాలు దొరకకపోతే వెన్నునీరు మళ్లీ తీయాల్సి రావచ్చు.

మన దగ్గర మెదడు పొరల జబ్బనగానే ముందు టీబీ గుర్తొస్తుంది. టీబీ మందులతో పాటు స్టెరాయిడ్లూ ఇస్తారు. స్టెరాయిడ్లకు లింఫోమా కూడా కొన్నాళ్లు కరుగుతుంది. రోగి తేరుకున్నట్టే ఉంటాడు, బయాప్సీలో ఏమీ తేలదు, జబ్బు మళ్లీ తిరగబడుతుంది.

నొప్పి లేదు కనుక రోగి తనంతట చెప్పడు. టీ గ్లాసు పెదవికి ఆనినట్టు తెలుస్తోందా అని అతణ్ని అడగాలి, స్టెరాయిడ్ మొదలుపెట్టకముందే.