ఇంటింటి ప్రార్థనల నలభై రోజులు

"ఇయ్యాల ఎవరింట్ల?"

శ్రమ దినాలు మొదలయ్యాయంటే మెదక్ జిల్లా రామాయంపేటలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ క్రైస్తవుల వాడల్లో పొద్దుగూకే వేళ వినిపించే ప్రశ్న ఇది. జవాబు తెలియగానే పనులన్నీ ఆ ఇంటి చుట్టూ సర్దుకుంటాయి. చాపలు ఒకరు తెస్తారు, హార్మోనియం ఒకరు మోసుకొస్తారు, తాళాలు ఎప్పుడూ ఏదో ఒక పిల్లాడి చేతిలోనే ఉంటాయి. పొద్దంతా బీడీలు చుట్టిన ఆడవాళ్లు చాటలు పక్కన పెట్టి, కాళ్లూ చేతులూ కడుక్కొని, కొంగు సర్దుకుంటూ వస్తారు. పొలం నుంచి ఆలస్యంగా వచ్చినవాళ్లు గడప దగ్గరే కూర్చుంటారు. ఆ ఇల్లు రెండు గదులదైనా సరే, వాకిట్లో, అరుగు మీద, వేపచెట్టు కింద, అందరికీ చోటు దొరుకుతుంది.

శ్రమ దినాలంటే ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస కాలం. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందురోజు దాకా లెక్కపెడితే 46 రోజులు. మధ్యలో వచ్చే ఆరు ఆదివారాలు తీసేస్తే నలభై. ఆదివారం పునరుత్థాన దినం గనుక ఉపవాసాల లెక్కలోకి రాదు. ఈ నలభై రోజులూ సంఘం గుడి నుంచి బయలుదేరి ఇళ్లకు వస్తుంది. వసంతంలో ఇక్కడి సంఘాలు చేసే పనులన్నిటికీ, మట్టల ఆదివారం ఊరేగింపు నుంచి మే నెలలో పిల్లల బడి దాకా, మనుషులు తయారయ్యేది ఈ ఇళ్లలోనే.

ఇంటి ప్రార్థనకు ఒక వరుస ఉంది. ముందు ఒక కీర్తన, తర్వాత ప్రార్థన, ఆ తర్వాత వాక్యం చదవడం, దాని మీద నాలుగు మాటలు, ఎవరైనా సాక్ష్యం చెబితే వినడం, విన్నపాలు, ఆశీర్వాదం, చివర చాయ. అయ్యగారు వస్తే సంతోషం. కానీ ఒక్కో పాస్టర్ చేతికింద ఎన్నో ఊళ్లు ఉంటాయి, ప్రతి రాత్రీ ప్రతి ఇంటికీ రాలేరు. అందుకే సంఘపెద్దో, స్త్రీల మైత్రిలోని అక్కో నడిపిస్తారు. విన్నపాల దగ్గర వాడ సంగతులన్నీ బయటపడతాయి. పదో తరగతి పరీక్షలు రాసే పిల్లలు, దుబాయిలో జీతం అందని కొడుకు, ఎండిపోయిన బోరు, మోకాళ్ల నొప్పులు, నెలలు నిండిన కోడలు. ఒకరు చెబుతారు, మిగతావాళ్లు పేరు పెట్టి ప్రార్థిస్తారు. మర్నాడు పొద్దున ఆ ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు "ఎట్లున్నది?" అని అడగకుండా ఎవరూ వెళ్లరు.

ఈ పద్ధతికి పాత చుట్టరికం ఇంగ్లండులో ఉంది. 1742 ఫిబ్రవరిలో బ్రిస్టల్ నగరంలో మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ అనుచరులు తమ ప్రార్థనా మందిరం అప్పు ఎలా తీర్చాలా అని కూర్చున్నారు. మనిషికి వారానికి ఒక పెన్నీ ఇద్దామన్నారు. బీదవాళ్లు అదైనా ఎక్కణ్నుంచి తెస్తారని ఒకరు అడిగితే, కెప్టెన్ ఫోయ్ అనే సభ్యుడు లేచి, అందరికంటే బీదవాళ్లు పదకొండు మందిని తనకు అప్పగించమన్నాడు, వాళ్లు ఇవ్వలేకపోతే తనే ఇస్తానన్నాడు. అలా పన్నెండేసి మంది జట్టు ఏర్పడింది. పెన్నీ కోసం వారం వారం ఇల్లిల్లూ తిరిగిన పెద్దలకు ఎవరి బతుకు ఎలా ఉందో తెలిసొచ్చింది. అప్పు వసూలుకు మొదలైన ఏర్పాటు మనుషుల్ని కనిపెట్టుకునే ఏర్పాటుగా మారింది. దాన్నే 'క్లాస్ మీటింగ్' అన్నారు. మెథడిస్టు సంఘాలు ఎక్కడికి వెళ్లినా ఈ చిన్న జట్ల అలవాటు వెంట వెళ్లింది.

పాత మెదక్ జిల్లాకు మెథడిస్టులు రెండు దారుల్లో వచ్చారు. జహీరాబాద్ వైపు అమెరికన్ మెథడిస్టులు పనిచేశారు. 1981లో స్వతంత్ర సంఘంగా ఏర్పడిన మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియా వారి వారసత్వమే. మెదక్, రామాయంపేట వైపు పనిచేసింది బ్రిటిష్ వెస్లియన్ మిషన్. 1890లలో సికింద్రాబాద్‌కు వచ్చి అక్కణ్నుంచి మెదక్ చేరిన చార్లెస్ వాకర్ పాస్నెట్ పేరు ఈ ప్రాంతంలో ఇప్పటికీ ఇంటి మనిషి పేరులా పలుకుతుంది. ఆయన కట్టించిన మెదక్ చర్చి పని 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠతో పూర్తయింది. వంద అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, 175 అడుగుల గోపురం. కరువు కాలంలో పని కల్పించి కడుపు నింపిన గుడి అని తాతల నాటి నుంచీ చెప్పుకుంటారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన నెల తర్వాత, 1947 సెప్టెంబరు 27న, మద్రాసులోని సెయింట్ జార్జి కెథెడ్రల్‌లో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా (సీఎస్ఐ) ఏర్పడ్డాయి. అప్పటి నుంచి వెస్లియన్ మిషన్ సంఘాలు సీఎస్ఐ మెదక్ అధ్యక్ష మండలంలో భాగం. బోర్డు మీద పేరు మారింది గానీ ఇంటింటి పద్ధతి మారలేదు.

చర్చి చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. 2022లో అక్కన్నపేట నుంచి మెదక్ దాకా రైలుమార్గం కూడా వచ్చింది. పల్లె సంఘాల గురించి రాసినవాళ్లు మాత్రం తక్కువ. ఆ కొద్ది రాతల్లో ఒక పుస్తకం రామాయంపేట వాళ్లకు దగ్గరిది. హైదరాబాద్ వెళ్లే జాతీయ రహదారి మీద ఉన్న వడియారం పాస్టరేట్ పల్లెల్ని పి.వై. లూక్, జాన్ బి. కార్మన్ అధ్యయనం చేసి 1968లో అచ్చువేశారు. ఇరుగుపొరుగు పండుగల నడుమ పల్లె క్రైస్తవులు ఎలా బతుకుతున్నారు, ఏం నమ్ముతున్నారు, ఏం పాడుతున్నారు అన్నది వారి విషయం. కార్మన్ ఆ తర్వాత హార్వర్డ్‌లో ప్రపంచ మతాల అధ్యయన కేంద్రానికి అధిపతి అయ్యారు. మాలవాడల్లో, మాదిగవాడల్లో రాత్రిపూట కూర్చున్న మనుషుల విశ్వాసం ప్రపంచ విశ్వవిద్యాలయాలు పట్టించుకోదగ్గ సంగతి అని ఆ పుస్తకం నిరూపించింది. ఆ గౌరవం మన పత్రికలు, మన పరిశోధకులు ఇంకా పూర్తిగా ఇవ్వలేదు.

ఈ ఇళ్లలో ఇంకో అలవాటు పిడికెడు బియ్యం. అన్నానికి ఎసరు పెట్టి బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి విడిగా కుండలోనో డబ్బాలోనో వేస్తారు. అది నిండాక గుడికి చేరుతుంది. డబ్బుగా మారి సంఘం ఖర్చులకో, వాడలో కష్టంలో ఉన్న ఇంటికో వెళ్తుంది. మిజోరంలో ఇదే అలవాటు వందేళ్లకు పైగా సాగుతూ, అక్కడి సంఘాల ఆదాయంలో పెద్ద పాలుగా నిలిచింది. చేతిలో పైసలు ఆడని ఆడవాళ్లు కూడా సొంతంగా ఇవ్వగలిగిన కానుక ఇది. బ్రిస్టల్ పెన్నీ చేసిన పనే వంటింటి పిడికిలి చేసింది.

శ్రమ దినాలు ఒంటరిగా రావు. 2025 సంగతే చూడండి. మార్చి 2న రంజాన్ ఉపవాసాలు మొదలయ్యాయి, 5న భస్మ బుధవారం, 14న హోలీ, 30న ఉగాది, 31న ఈద్, ఏప్రిల్ 6న శ్రీరామనవమి, 20న ఈస్టర్. ఒకే వీధిలో ఒకరు పొద్దు వాలాక ఉపవాసం విడుస్తుంటే, ఇంకొకరు ఉపవాస ప్రార్థనకు చాప పరుస్తుంటారు. పచ్చడి గిన్నె గోడ మీద నుంచి ఇవతలికి వస్తుంది, సేమ్యా గిన్నె అవతలికి పోతుంది. ఇంటి ప్రార్థనకు పక్కింటి హిందువు వచ్చి కూర్చోవడం, తన బిడ్డ కోసం కూడా ప్రార్థించమని అడగడం ఈ ప్రాంతంలో ఎవరికీ వింత కాదు.

మట్టల ఆదివారానికి ముందురోజు పని యువజనులది. వాగు ఒడ్డున, పొలం గట్ల మీద ఈత చెట్ల దగ్గరికి వెళ్తారు. మట్ట కోయడం ఆషామాషీ పని కాదు. ఈత ముల్లు గుచ్చుకుంటే వారం దాకా సలుపుతుంది. మొదట ముళ్లు దులిపేయాలి, పిల్లల చేతుల్లో పట్టేంత చిన్నవి వేరు చేయాలి, వాడిపోకుండా తడిగుడ్డ కప్పి ఉంచాలి. యేసు యెరూషలేముకు వచ్చినప్పుడు జనం పట్టుకున్నవి ఖర్జూరపు మట్టలని యోహాను సువార్త చెబుతుంది. మన ఈత, ఆ ఖర్జూరం రెండూ వృక్షశాస్త్రం ప్రకారం ఒకే ప్రజాతి. కల్లు కోసం నిలిచిన చెట్టు ఏడాదికి ఒకరోజు ఊరేగింపుకు వస్తుంది. కొన్నిచోట్ల ముందు డప్పు నడుస్తుంది, ఆ డప్పు పట్టిన చెయ్యి తాతముత్తాతల నాటి నుంచీ దాన్ని ఎరిగిన చెయ్యి.

గుడ్ ఫ్రైడే నాడు పన్నెండు నుంచి మూడింటి దాకా ఆరాధన. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. ఈ మూడు గంటల ఆరాధన పదిహేడో శతాబ్దం చివర్లో పెరూ దేశంలోని లీమా నగరంలో అలోన్సో మెస్సియా అనే జెస్విట్ గురువు మొదలుపెట్టింది. కాథలిక్కుల నుంచి ఇతర సంఘాలకు పాకి, సముద్రాలు దాటి తెలంగాణ పల్లెకు వచ్చింది. ఇక్కడ దాని స్వభావం మరింత విస్తరించింది. ఏడు మాటలూ పాస్టర్ ఒక్కరే చెప్పరు, పంచుతారు. ఒక టీచరమ్మ, ఒక రిటైర్డ్ ఉద్యోగి, ఒక రైతు, డిగ్రీ చదివే అమ్మాయి. కన్నతల్లిని శిష్యుడికి అప్పగించిన మూడో మాటను ఒక తల్లి వివరిస్తే గుడిలో కళ్లు తుడుచుకోనివాళ్లు ఉండరు. మెదక్ చర్చిలో అయితే ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసిన సిలువ దృశ్యం రంగు అద్దాల్లో కనిపిస్తుంది. వెలుగు బయటి నుంచి పడాలి గనుక పట్టపగలే దాని అసలు అందం. పల్లె గుడిలో అద్దాలు ఉండవు, మాట్లాడే మనుషులు ఉంటారు.

ఆ ఏడుగురిలో ఎవరికీ మైకు ముందు నిలబడడం పుట్టుకతో రాలేదు. మొదటిసారి పదిమందిలో గొంతు విప్పింది ఏదో ఒక ఇంటి ప్రార్థనలోనే. తడబడుతూ కీర్తనల గ్రంథంలోంచి నాలుగు వచనాలు చదివింది అక్కడే. తప్పు చదివితే పక్కనున్న పెద్దమ్మ మెల్లగా దిద్దింది, ఎవరూ నవ్వలేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చాలా పాటల మీద రాగం, తాళం అచ్చై ఉంటాయి. వాటిని చదివి పాడేవాళ్లు అరుదు. వరస చెవి నుంచి చెవికి వస్తుంది, వినే దూరంలో కూర్చుంటేనే వస్తుంది.

ఏప్రిల్ మధ్యకు యాసంగి వరికోతలు. హార్వెస్టర్లు రాత్రిళ్లు కూడా నడుస్తాయి, కొనుగోలు కేంద్రం దగ్గర వడ్ల కుప్పలకు కాపలా ఉండాలి. ఒకరు కుప్ప దగ్గర పడుకుంటే ఇంకొకరు ఆరాధనకు వస్తారు. ఈస్టర్ తెల్లవారుజాముకు మాత్రం ఎవరూ తప్పరు. అంతకు ముందు వారమంతా సమాధుల తోటలో పని. ముళ్లకంప తీయడం, మట్టి ఎత్తడం, సున్నం కొట్టడం, సిలువ మీద పేరు మళ్లీ దిద్దడం. నాలుగింటికే బంతిపూలు, చామంతులు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలతో బయలుదేరతారు. కాథలిక్కులు నవంబరు 2న చేసే పని ఇక్కడి సంఘాల వాళ్లు ఈస్టర్ నాడు చేస్తారు. సమాధి ఖాళీ అయిందన్న కబురు మొదట వినాల్సింది సమాధుల దగ్గరేనన్నది వారి భావం.

ఇలాగే జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్ సంఘపు యువకులు 1732 ఈస్టర్ తెల్లవారుజామున ఊరి సమాధుల కొండ ఎక్కి పాడారు. ఆ అలవాటు అక్కడ ఇప్పటికీ ఉంది. ఆ సంఘాన్ని చూడ్డానికి 1738లో వెస్లీ స్వయంగా అక్కడికి వెళ్లాడు. మొరేవియన్ల సమాధి రాళ్లు అందరివీ సమానం. మన తోటల్లో అలా కాదు, ఒకటి గ్రానైటు, ఒకటి టైల్స్, ఎక్కువ భాగం మట్టి దిబ్బలు. వెలిగించిన కొవ్వొత్తులు మాత్రం అన్నిటి మీదా ఒకే ఎత్తున ఉంటాయి. వారసులు హైదరాబాద్ వెళ్లిపోయిన సమాధుల మీద కూడా పువ్వు పెట్టి, దీపం వెలిగించే యువజనులు ఉన్నారు. ఆరింటికి కాస్త ముందు తూర్పు తేలేసరికి పాట అందుకుంటారు.

ఈ మధ్య ఇంటి ప్రార్థనల సంఖ్య తగ్గుతోందన్న మాట పెద్దల నోట వినిపిస్తోంది. పెద్ద సభలు, ఎల్ఈడీ తెరలు, ఫోన్లో ప్రత్యక్ష ప్రసారాలు వచ్చాయి. వాటి మేలు వాటికుంది, మంచం పట్టిన ముసలివాళ్లకు అవి నిజంగా ఆసరా. కానీ ఐదువేల మంది సభలో ఏ పిల్లా నాలుగు వచనాలు చదవడం నేర్చుకోదు. ఎవరి బోరు ఎండిందో అక్కడ ఎవరికీ తెలియదు.

మే నెల వచ్చేస్తుంది. సెలవుల బైబిలు పాఠశాల పది రోజులు నడుస్తుంది. 1894లో అమెరికాలోని హోప్‌డేల్ అనే చిన్న ఊళ్లో ఒక మెథడిస్టు పాస్టర్ భార్య, వృత్తిరీత్యా ఉపాధ్యాయురాలు, వేసవి సెలవుల్లో పిల్లల్ని పోగుచేసి బైబిలు బడి నడిపారు. ఇవాళ రామాయంపేట చుట్టుపక్కల నిమ్మరసం, రంగు కాగితాలు, చేతులు తిప్పే పాటలతో సాగే బడులు అదే దారిలోవి. వాటిలో టీచర్లుగా నిలబడేది పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలు. వాళ్ల పేర్ల జాబితా రాసేటప్పుడే సంఘపెద్దలు ఇంకో చిన్న ఏర్పాటు కూడా చేయొచ్చు. శ్రమ దినాలు అయిపోయాయని చాపలు చుట్టేయకుండా, నెలకు ఒక్క రాత్రి, వంతులవారీగా ఒక్కో ఇంట్లో ప్రార్థన ఉంచాలి. వాక్యం చదివే వంతు ఆ ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లకు ఇవ్వాలి, పాట ఎత్తే వంతు అందరికంటే పెద్దవాళ్లకు ఇవ్వాలి. దీనికి ఖర్చు లేదు, అనుమతులు అక్కర్లేదు, వచ్చే నెలలోనే మొదలుపెట్టవచ్చు.