ఆధారకణములు – గడ్డలను కరిగించు ఎంజైము: రెండు పేర్లపై ఒక విమర్శ

నాడీమండలమును బోధించునప్పుడు గ్లియా కణములు నాడీకణములకు ఆధారమని చెప్పుట మనకు అలవాటు. అట్లే పక్షవాతపు చికిత్సను గూర్చి వ్రాయువారు, టి.పి.ఏ. అనునది రక్తపు గడ్డలను కరిగించు ఎంజైము అందురు. ఈ రెండు మాటలును అబద్ధములు కావు. కాని ఆ ఆధారకణములే ఈ ఎంజైమును తయారుచేయునని తెలిసిన విద్యార్థి, ‘గడ్డలే లేని చోట దీనితో పనియేమి?’ అని అడుగును. మన పాఠములలో దీనికి జవాబు లేదు. లోపము పేర్లలోనే యున్నది.

మొదట కణముల పేరు. 1856లో విర్కో అను జర్మను శాస్త్రజ్ఞుడు వీనికి ‘నాడుల జిగురు’ అను అర్థమిచ్చు పేరు పెట్టెను. 1919లో స్పెయిన్ దేశీయుడు రియో ఒర్టెగా వీనిలో మైక్రోగ్లియాను వేరుపరచి, అవి చలించి శిథిలములను మ్రింగునని చూపెను. ఆనాడే జిగురు అను భావము చెల్లవలసినది. ఇవి నాడీకణములకు పదిరెట్లని కొన్ని పుస్తకములలో కనబడు మాటయు సరికాదు. 2009లో బ్రెజిల్ శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారము మానవుని మెదడులో నాడీకణములు సుమారు 8,600 కోట్లు. తక్కిన కణములును దాదాపు అన్నియే.

ఎమ్మిగనూరు మగ్గముపై మనకు నేతగాడే కనబడును. కండెలు చుట్టిన చేతులు, పడుగు సిద్ధపరచిన చేతులు కనబడవు. అంతమాత్రమున బట్ట మంచిచెడ్డలలో వానికి పాలు లేదనగలమా?

ఇక ఎంజైము పేరు. రక్తములో టి.పి.ఏ. ప్లాస్మినోజెన్‌ను కత్తిరించి ప్లాస్మిన్‌గా మార్చును; ప్లాస్మిన్ గడ్డలోని ఫైబ్రిన్ వలను తెంచును. ఇది కత్తెర వంటిది. కత్తెర ఏ బట్టను కత్తిరించునో దాని ముందున్న బట్టనుబట్టి యుండును. మెదడులో నాడీకణములు, మైక్రోగ్లియా, ఆస్ట్రోసైట్లు దీనిని తయారుచేయును. ఎక్కువైనదానిని ఆస్ట్రోసైట్లు తిరిగి లోనికి తీసికొనును. అక్కడ ప్లాస్మిన్ కణముల నడుమనుండు లామినిన్ అను ప్రోటీనును తెంచును. నాడీసంధులు బలపడునప్పుడు టి.పి.ఏ. జన్యువు చురుకుగా పనిచేయునని 1993లో తెలిసినది. కనుక నేర్చుకొనుటలోను దీనికి పాత్ర కలదు.

1995లో రెండు ఫలితములు ఒకదానికొకటి ఎదురుగా నిలిచినవి. అమెరికాలో సిర్కా, స్ట్రిక్‌లాండ్ బృందము, ఈ జన్యువు లేని చుంచెలుకలకు నాడీవిషమిచ్చినను వాని నాడీకణములు చాలవరకు నిలిచియుండుట గమనించెను. 2003లో ఆ పరిశోధన మరికొంత ముందుకు సాగెను. దెబ్బతిన్న నాడీకణము విడుచు టి.పి.ఏ. మైక్రోగ్లియాను మేల్కొలుపును, మైక్రోగ్లియా విడుచునది నాడీకణముల చావును పెంచును.

అదే 1995లో ఇదే ఎంజైము పక్షవాత రోగులకు మేలుచేయునని మరియొక అమెరికా పరీక్ష నిరూపించెను. 3 గంటలలోపల మందు పొందినవారిలో, మూడు నెలల తరువాత వైకల్యము లేకయో స్వల్పముగానో మిగిలినవారు 39 శాతము. పొందనివారిలో 26 శాతము. అయితే మెదడులో రక్తస్రావమై స్థితి విషమించినవారు మొదటివారిలో 6.4 శాతము, రెండవవారిలో 0.6 శాతము.

ఎలుకల ఫలితము చూచి మందునే విషమనుట తొందరపాటు. రక్తనాళము మూసివేసిన ఎలుకలలో 1998లో ఈ ఎంజైము హాని పెంచినట్లును, 1999లో మరియొక విధమైన ప్రయోగమున దాని లోపమే హాని పెంచినట్లును కనబడెను. ఎంజైము ఒక్కటే, చోటు, మోతాదు, సమయము మారినవి.

సమయమనునది మన జిల్లాకు పుస్తకపు మాట కాదు. గడ్డ వలన వచ్చిన పక్షవాతములో ఈ మందునకు 2008 పరీక్ష తరువాత గడువు 4.5 గంటలకు పెరిగినది. ఆదోని నుండి కర్నూలు సుమారు 100 కిలోమీటర్లు. ఎమ్మిగనూరు నుండి సుమారు 70. రక్తస్రావము లేదని స్కానులో తేలిన పిదపనే మందు ఈయవలెను. మూతి వంకరపోయి, చేయి పడిపోయి, మాట తడబడినప్పుడు నాటుమందుకొరకు తిరిగిన గంటలు మరల రావు.

కావున ఉపాధ్యాయులు ఆ రెండు వాక్యములను ఇట్లు సవరించి చెప్పుట మేలు: ‘గ్లియా కణములు మెదడు పనిలో భాగస్వాములు. టి.పి.ఏ. ప్రోటీనులను కత్తిరించు ఎంజైము. నాళములో గడ్డను కరిగించును, కణముల నడుమ మెదడును తీర్చును, మితిమీరిన చెరచును.’ పదములు కొన్ని పెరుగును. కాని విద్యార్థి అడుగు ప్రశ్నకు జవాబు దొరకును.