కలిసి వినే కావ్యం: బస్తర్ లచ్మీ జగార్ – ఒక పరిశీలన

ప్రాచీన కావ్యాన్ని ఒంటరిగా కూర్చుని, పెదవి కదపకుండా చదువుకోవడం మనకు ఇటీవలి అలవాటు. అచ్చుయంత్రం రాకముందు కావ్యమంటే ప్రధానంగా పదిమంది నడుమ చదివేది, పదిమంది కలిసి వినేది. తెలుగు పల్లెలలో కవిత్రయ భారతమైనా, పోతన భాగవతమైనా సామాన్య జనానికి చేరింది పురాణ కాలక్షేపం ద్వారానే. ఒకరు పద్యం చదవడం, అర్థం చెప్పడం, శ్రోతలు సందేహం అడగడం – ఇవన్నీ కలిస్తేనే పఠనం పూర్తయ్యేది. వానలు వెనుకబడిన ఏడు ఊరివారు విరాటపర్వం చదివించుకోవడం కూడా ఈ సామూహిక పఠనంలో భాగమే. ఆ సంప్రదాయం మన దగ్గర చాలావరకు సన్నగిల్లింది. మనకు ఆనుకొని ఉన్న బస్తర్‌లో మాత్రం దానికి సోదరప్రాయమైన జగార్ సంప్రదాయం నిలిచి ఉంది. దానిని పరిశీలిస్తే, మనం పోగొట్టుకున్నది ఏమిటో కూడా బోధపడుతుంది.

బస్తర్ మనకు పరాయి నేల కాదు. 11వ శతాబ్దిలో చక్రకోటాన్ని ఏలిన ఛిందక నాగవంశీయుల కాలపు తెలుగు శాసనం బారసూరులో లభించింది. రాజమహేంద్రవరంలో నన్నయ భారతాంధ్రీకరణకు పూనుకున్నది కూడా ఆ శతాబ్దిలోనే. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు ఆ అడవుల్లోకి వెళ్లి రాజ్యం నెలకొల్పాడని బస్తర్ రాజవంశ చరిత్ర చెబుతుంది. కోంటా, భోపాలపట్నం వైపు నేటికీ తెలుగు వినిపిస్తుంది. ఇంత దగ్గరి నేలలో పుట్టిన ఒక మహాగాథ తెలుగు పాఠకులలో అధిక సంఖ్యాకులకు పేరుకైనా తెలియకపోవడం విచారించదగిన విషయం.

‘జగార్’ అనే మాటకు మూలం జాగరణ. హల్బీ భాషలో లచ్మీ జగార్, తీజా జగార్, ఆఠే జగార్, బాలీ జగార్ అని నాలుగు గాథలు ప్రసిద్ధాలు. వీటిని గానం చేసేవారు స్త్రీలు, వారిని గురుమాయిలంటారు. వారి వాద్యం పేరు ధన్‌కుల్. కుండను కుదుటిమీద నిలిపి, దాని మూతిపై చేట బోర్లించి, ఆ చేటపై వింటి కొనను ఆనిస్తారు. ఒక చేతిలోని చీల్చిన వెదురుపుల్లతో వింటిబద్ద మీది గంట్లను గీస్తూ, రెండవ చేత్తో నారిని మీటుతూ పాడతారు. కుండ, చేట ఇంట్లో దినదినం ఆడవారి చేతిలో ఉండే వస్తువులు. విల్లు సాధారణంగా వేటకు, యుద్ధానికి గుర్తు. ఇక్కడ ఆ విల్లు చేట మీదికి చేరి కథ చెబుతున్నది. వీరగాథలకు, ఈ గాథలకు గల భేదం వాద్యంలోనే గోచరిస్తున్నది.

లచ్మీ జగార్ కథానాయిక లచ్మి, అంటే వరి. నారాయణునికి అప్పటికే ఇరవైయొక్కమంది రాణులు. వారి నడుమకు లచ్మి కొత్త కోడలుగా వస్తుంది. సవతుల అసూయ, కలహం కథకు ఇరుసు వంటివి. ఆ ఇరవైయొక్కమందినీ చిరుధాన్యాలు మొదలైన ఇతర పంటలకు ప్రతీకలుగా పరిశోధకులు వివరించారు. ఈ వివరణను అంగీకరిస్తే, ఇది దేవతల ఇంటి తగవుగా మాత్రమే మిగలదు. మెట్టచేలలో చిరుధాన్యాలు పండించుకునే జీవితంలోకి వరిసాగు ప్రవేశించినప్పుడు కలిగిన సంఘర్షణకు ఇది కావ్యరూపం అవుతుంది. ఈ గాథను వరి విజయగీతంగా చదవడం తొందరపాటు అవుతుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. పాత రాణులను కథ ఇల్లు వెడలగొట్టలేదు. వారిది ముందుగా వచ్చినవారి హక్కు. వారి అసూయకు కారణమున్నదని వినేవారికి తెలుసు, ఎందుకంటే ఆ శ్రోతల ఇళ్లలో నిన్నటి వంట కొర్రలో సామలో కావచ్చు.

గాథ ముగింపు మరింత గమనార్హం. పలురోజులు సాగిన గానం లచ్మీనారాయణుల వివాహంతో సంపూర్ణమవుతుంది. ఆ పెళ్లిని పాడి ఊరుకోరు, జరిపిస్తారు. వరివెన్నులను చేనినుంచి లచ్మిగా తీసుకువస్తారు. వినవచ్చినవారు ఆడపెళ్లివారు, మగపెళ్లివారు అవుతారు. శ్రోత పాత్రగా మారే ఈ ఘట్టాన్ని మన అలంకారశాస్త్ర పరిభాషలో సాధారణీకరణం అనవచ్చునా? కొంతవరకు అనవచ్చు. అయితే అక్కడ సహృదయుడు మనసులో లీనమవుతాడు, ఇక్కడ ఊరంతా చేతులు కలుపుతుంది. ఏకాంత పఠనాన్ని దృష్టిలో ఉంచుకొని ఏర్పరచుకున్న విమర్శసూత్రాలు ఈ కావ్యాన్ని కొలవడానికి చాలవు.

ఇక గ్రంథం సంగతి. కొండగావ్‌కు చెందిన హరిహర్ వైష్ణవ్, ఆస్ట్రేలియా మానవశాస్త్రవేత్త క్రిస్ గ్రెగరీ కలిసి, గురుమాయి సుక్‌దాయి గానం చేసిన లచ్మీ జగార్‌ను 2003లో పుస్తకరూపంలో వెలువరించారు. గాయని పేరును శీర్షికలోనే నిలపడం ఈ ప్రచురణలోని ప్రశంసనీయమైన అంశం. జానపద వాఙ్మయమనగానే ‘అజ్ఞాతకర్తృకం’ అని ముద్రవేయడం మనకు పరిపాటి. మన స్త్రీల పాటల సంకలనాలలో ఊర్మిళాదేవి నిద్ర వంటి పాటలు నిలిచాయి గాని, వాటిని పాడి వినిపించిన తల్లుల పేర్లు చాలావరకు నిలవలేదు. ఆ లోపాన్ని బస్తర్ ప్రచురణ సరిదిద్దింది.

కాని అచ్చులో జగార్ చదివే పాఠకునికి ఒక కష్టం తప్పదు. చెప్పిందే మళ్లీ చెప్పడం, ఒక్కొక్క పనిని అంచెలంచెలుగా వర్ణించడం పుటలమీద విసుగు కలిగిస్తాయి. దీనిని పునరుక్తి దోషమనేవారున్నారు. వారి మాటను పూర్తిగా తోసిపుచ్చలేము. పుస్తకంగా వచ్చినదానిని పుస్తకంగా పరీక్షించే హక్కు పాఠకునికి ఉన్నది. అయినప్పటికీ పునరుక్తి అక్కడ చేసే పనిని గుర్తించాలి. రాత్రి పొద్దుపోయాక వచ్చిన పొరుగింటివారు, బిడ్డను నిద్రపుచ్చి తిరిగివచ్చిన తల్లి, కునుకు తీసి లేచిన ముసలివారు – వీరందరూ మళ్లీ కథలో చేరగలిగేది దానివల్లనే. ఒంటరి పాఠకునికి దోషంగా తోచినది సమూహానికి ద్వారబంధం. మన ద్విపద కథాగానాల్లో వంతపాట నిర్వహించిన కార్యం కూడా ఇదే.

అచ్చువల్ల మేలు లేదని దీని భావం కాదు. వెనుకకు తిరిగి చూసుకోవడం, పోల్చుకోవడం, పరభాషలోకి తెచ్చుకోవడం అచ్చువల్లనే సాధ్యం. గురుమాయి విద్య నోటినుంచి నోటికి నడిచేది. నేర్చేవారు కరువైనచోట పుస్తకమే ఏకైక సాక్ష్యంగా మిగిలే ప్రమాదం ఉన్నది. ఈ సేకరణకు తన జీవితకాలాన్ని వెచ్చించిన హరిహర్ వైష్ణవ్ నేడు మన మధ్య లేరు. అందువల్ల జాగు చేయడానికి వీలులేదు.

లచ్మీ జగార్‌ను తెలుగులోకి తేవాలని కోరడం ఈ వ్యాసం ఉద్దేశాలలో ఒకటి. అయితే అనువాదం ఆంగ్లం మీదుగా గాక హల్బీనుంచి, గానాన్ని చెవులారా విన్నవారి చేతిమీదుగా రావాలి. పాడిన గురుమాయి పేరు ప్రతి ముద్రణలోనూ ఉండాలి. ప్రతిఫలం ఆమెకు గాని, ఆమె కుటుంబానికి గాని చెందాలి. అన్నింటికన్న ముఖ్యంగా, అచ్చయిన ప్రతిని అలమారాలకు అప్పగించి కార్యం ముగిసిందనుకోకూడదు. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో వెలసిన నాటినుంచి గ్రంథాలయోద్యమం మనకు నేర్పింది పుస్తకాలు పోగుచేయడం ఒక్కటే కాదు, కలిసి చదవడం కూడా. మన గ్రంథాలయాలలో నెలకొకసారి అయినా పదిమంది కూడి, ఒకరు చదువుతుండగా మిగిలినవారు విని, అడిగి, విభేదించే పఠనగోష్ఠులు జరగాలి. ఆ గోష్ఠులలో భారతంతోపాటు జగార్‌కు కూడా చోటు దొరికిననాడు, చక్రకోటంతో మనకు గల వెయ్యేండ్ల చుట్టరికం శాసనపు రాతినుంచి దిగివచ్చి తిరిగి మాటల్లోకి వస్తుంది.